పవర్ సప్లై మంచిదే, కొంప ముంచింది కేబుల్

కంప్యూటర్‌లో గ్రాఫిక్స్ కార్డు మారుస్తున్నా కదా అని పోయిన నెల సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో 1000 వాట్ల ఫుల్లీ మాడ్యులర్ (అంటే కేబుళ్లన్నీ విడిగా పీకి పెట్టుకునే రకం) పవర్ సప్లై తీసుకున్నా. ఓపెన్ బాక్స్ పీసు, అంటే డబ్బా అప్పటికే విప్పేసింది, కొత్తదాని కంటే మూడు వేలు తక్కువ. నాకు తెలిసినంతలో అన్నీ చూశా. స్టిక్కర్ మీద 12 వోల్టుల లైనుకు 83 ఆంప్స్ ఉంది, రెండూ గుణిస్తే దాదాపు వెయ్యి వాట్లు, లెక్క సరిపోయింది. గోల్డ్ రేటింగూ ఉంది. (అది కరెంటు ఎంత ఆదా అవుతుందో చెప్పేదే, క్వాలిటీకి గ్యారంటీ కాదు.)

డబ్బాలో సాటా పవర్ కేబుల్ (హార్డ్ డిస్కు, ఎస్ఎస్‌డీ లాంటి డ్రైవులకు కరెంటు ఇచ్చేది) మాత్రం లేదు. అడిగితే కుర్రాడు కౌంటర్ కింద డ్రాయర్‌లోంచి ఒకటి లాగి, "అన్నీ ఒకటే అన్నా, పట్టిందంటే పనిచేస్తది" అన్నాడు. నిజంగానే పట్టింది. ఆరు పిన్నులూ టక్కున కూర్చున్నాయి.

ఇంటికొచ్చి స్విచ్ వేస్తే ఫ్యాన్ అర చుట్టు తిరిగి ఆగిపోయింది. మళ్లీ నొక్కినా అంతే. కేస్ తలుపు తీస్తే సన్నగా కాలిన వాసన. ఆ కేబుల్ పీకేశాక సిస్టమ్ మామూలుగా లేచింది కానీ, అప్పటికే 4 టీబీ హార్డ్ డిస్కు, ఒక ఎస్ఎస్‌డీ పోయాయి.

సంగతేంటంటే, డ్రైవు వైపు ప్లగ్గుకు స్టాండర్డ్ ఉంది, పవర్ సప్లై వైపు సాకెట్‌కు లేదు. ఏ పిన్నులో 5 వోల్టులు, ఏ పిన్నులో 12 అన్నది కంపెనీ ఇష్టం. ఒకే కంపెనీలో కూడా మోడల్‌ని బట్టి మారొచ్చు. వైర్లన్నీ నలుపే, చూసి పోల్చుకోలేం. మర్నాడు మల్టీమీటర్ పెట్టి చూస్తే 5 ఉండాల్సిన చోట 12 వస్తోంది.

కాబట్టి ఓపెన్ బాక్స్, సెకండ్ హ్యాండ్ తీసుకునేవాళ్లు కేబుళ్లు అక్కడే లెక్కపెట్టుకోండి. ఒక్కటి తక్కువైనా ఆ మోడల్‌కి సరిపోయేదని కంపెనీ చెప్పిందే తెప్పించమనండి. పాత పవర్ సప్లై మార్చేటప్పుడు కూడా, కేస్‌లో నీట్‌గా కట్టేసి ఉన్నాయి కదా అని పాత కేబుళ్లు ఉంచేయకండి.

షాపువాడు డ్రైవులతో తనకు సంబంధం లేదన్నాడు. హార్డ్ డిస్కును రిపేరు చేసే అతని దగ్గరికి తీసుకెళ్తే, బోర్డు మీద షార్టయిన చిన్న డయోడ్ తీసేశాడు. డిస్కు తిరిగింది, ఫొటోలన్నీ ఆ రాత్రే కాపీ చేసుకున్నా. ఎస్ఎస్‌డీ మాత్రం రాలేదు. షాపులో ఆ కేబుల్ తిరిగి ఇచ్చేయమన్నారు. ఇవ్వలేదు, రెండు ముక్కలు చేసి పారేశా.