ఓటుకు ఏది చూడాలి: మేనిఫెస్టోనా, మనిషినా?

ఎన్నికల మాట వస్తే చాలు, బెంగళూరులో మారతహళ్లి, కేఆర్ పురం వైపు ఉండే మన తెలుగువాళ్లు అడిగే ప్రశ్న ఇదే. మేనిఫెస్టో అంటూ అంత పుస్తకం వేస్తారు కదా, అది చూసి ఎవరైనా ఓటేస్తారా, మనిషిని చూసి వేయడమే మేలా అని. కులం, ముఖ్యమంత్రి మొహం కూడా లెక్కలో ఉంటాయి గానీ వాటి సంగతి ఎవరింట్లో వాళ్లకు ముందే తేలిపోయి ఉంటుంది. నోటా కోపం తీర్చుకోవడానికి పనికొస్తుంది, అంతే.

మేనిఫెస్టో పుస్తకం ఎవరూ చదవరు, నిజమే. కానీ అందులో అంకె ఉన్న ఒకటి రెండు లైన్లు మాత్రం ఇంటింటికీ చేరిపోతాయి. 1983లో ఎన్టీఆర్ ఇంకేం చెప్పాడో పెద్దవాళ్లను అడిగి చూడండి, రెండు రూపాయలకు కిలో బియ్యం తప్ప ఇంకో మాట రావడం కష్టం. 2023లో కర్ణాటకలోనూ అంతే: 200 యూనిట్ల ఉచిత కరెంటు, ఇంటి యజమానురాలికి నెలకు 2000, మనిషికి 10 కిలోల బియ్యం. అంకెలు బీజేపీ దగ్గరా ఉన్నాయి, బీపీఎల్ ఇళ్లకు రోజుకు అర లీటరు నందిని పాలు, ఏడాదికి మూడు సిలిండర్లు అన్నారు. తేడా ఎక్కడంటే, కాంగ్రెస్ వాళ్లు జనవరి నుంచే ఒక్కో హామీ చెప్పుకుంటూ వచ్చి, సిద్ధరామయ్య, శివకుమార్ సంతకాలున్న గ్యారంటీ కార్డులు పంచారు. బీజేపీ పుస్తకం మే 1న వచ్చింది, పోలింగేమో మే 10న. పైగా అధికారంలో ఉన్నవాళ్లు ఇస్తామంటే, ఇన్నాళ్లూ ఎవరు వద్దన్నారు అంటారు జనం. కాంగ్రెస్‌కు 135 సీట్లు హామీల వల్లే వచ్చాయని నేననను గానీ, వాటి పాత్ర లేదంటే నమ్మను.

మరి మాట నిలబెట్టుకున్నవాళ్లు మళ్లీ గెలుస్తారా అంటే, ఆ గ్యారంటీ లేదు. ఏపీలో నవరత్నాలు అనే తొమ్మిది హామీలతో 2019లో 151 సీట్లు తెచ్చుకున్న వైసీపీ, మేనిఫెస్టోలో 99 శాతం చేశామని చెప్పుకుంటూ 2024లో ఓటు అడిగితే 11 వచ్చాయి. అందుతున్న డబ్బు నాలుగు నెలలకే జీతంలా మామూలైపోతుంది, అవతల టీడీపీ వాళ్ల ఆరు హామీల సూపర్ సిక్స్ కొత్తగా కనిపిస్తుంది.

మనిషిని చూసి ఓటేస్తారనడానికి కేఆర్ పురం కంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. బైరతి బసవరాజ్ 2018లో కాంగ్రెస్ నుంచి గెలిచి, 2019లో రాజీనామా చేసి, అదే ఏడాది ఉపఎన్నికలో బీజేపీ తరఫున గెలిచాడు, 2023లో రాష్ట్రమంతా గాలి కాంగ్రెస్ వైపు వీచినా మళ్లీ ఆయనే. కండువా మారింది, ఓటరు మారలేదు. ఫోన్ ఎత్తేవాడు, చావుకూ పెళ్లికీ వచ్చేవాడు కావాలంటే ఆ లెక్కా తప్పు కాదు.

అయినా అసెంబ్లీకి నా ఓటు మేనిఫెస్టో వైపే. ఎంత మంచివాడైనా 1985లో వచ్చిన ఫిరాయింపుల చట్టం ఉంది, పార్టీ విప్ ఇచ్చాక అటే చెయ్యెత్తాలి, కాదంటే పదవికే ఎసరు. బడ్జెట్‌లో దేనికి ఎంత అన్నది ఎమ్మెల్యే మంచితనాన్ని బట్టి తేలదు.

కాకపోతే చూడాల్సింది అంకెను కాదు, షరతును. కాంగ్రెస్ హామీల్లో ఆడవాళ్లకు ఉచిత బస్సూ ఒకటి. సిల్క్ బోర్డు దగ్గర బీఎంటీసీ సిటీ బస్సెక్కే మన అమ్మాయిలిద్దరిని చూడండి. ఇద్దరిదీ అనంతపురమే, ఇద్దరూ ఒకే పీజీలో ఉంటారు. ఆధార్‌లో అడ్రసు ఇక్కడికి మార్చుకున్న అమ్మాయికి కండక్టర్ జీరో టికెట్ కొడతాడు, మార్చుకోని అమ్మాయి చిల్లర వెతుక్కుంటుంది. కరెంటూ అంతే, 200 యూనిట్లు అన్నారు గానీ ఆదేశాలు వచ్చేసరికి గత ఏడాది సగటు వాడకానికి ఇంకో పది శాతం కలిపి అంతవరకే ఉచితమన్నారు, 200 దాటితే బిల్లంతా మనదే. బియ్యంలో అదనపు ఐదు కిలోలు దొరక్క చాలాకాలం మనిషికి 170 రూపాయలు ఖాతాలో వేశారు. ఇవేవీ కార్డు మీద లేవు. మేనిఫెస్టోలో హామీ ఇవ్వడం ఎన్నికల చట్టం ప్రకారం అవినీతి కిందకు రాదని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది, ఆ తర్వాత డబ్బు ఎక్కడి నుంచి తెస్తారో స్థూలంగానైనా రాయాలని ఎన్నికల సంఘం ప్రవర్తనా నియమావళిలో పెట్టింది. ఆ పేజీ ఉందా లేదా చూడండి చాలు, మిగతా పుస్తకం అటక మీద పెట్టేసినా పర్లేదు.

ఊళ్లో ఓటు ఉంచుకోవాలా, ఇక్కడికి మార్చుకోవాలా అని కూడా అడుగుతుంటారు. 2024 మే 13న ఓటేయడానికి మడివాళ నుంచి ప్రైవేటు బస్సులో వెళ్లొచ్చిన సరదా వేరే, కాదనను. కానీ అద్దె, కరెంటు బిల్లు, పిల్లల స్కూలు అన్నీ ఇక్కడే అయినప్పుడు అక్కడి మేనిఫెస్టోతో మనకు పనేముంది? ఫారం 8 పెట్టి మార్చుకోవడమే నయం. అమ్మానాన్నల పెన్షన్ కోసం అక్కడే ఉంచుతామంటారా, అదీ సబబే.

ఒక్క కార్పొరేషన్ ఎన్నికకు మాత్రం ఇదంతా తిరగేస్తాను. 2020 సెప్టెంబరులో పాత పాలికె, అంటే బెంగళూరు నగరపాలక సంస్థ, గడువు అయిపోయాక ఏళ్ల తరబడి కార్పొరేటర్ అన్నవాడే లేడు, 2025లో నగరాన్ని ఐదు కార్పొరేషన్లు చేశారు. మోరీ పొంగితే ఎవరికి చెప్పాలో తెలియని వీధిలో ఉండేవాడికి మేనిఫెస్టో ఎందుకు, అదే వీధిలో ఉండే అభ్యర్థి ఎవరో కనుక్కుని వేసేయండి.