పీడీహెచ్ మేలా, ఎస్‌డీహెచ్ మేలా? పాకాలలో ఒక్క ఈ1 దించి చూడండి

ట్రాన్స్‌మిషన్ రూమ్‌లో కొత్తగా చేరిన పిల్లలు నన్ను అడిగేవాళ్లు: "రెండూ మోసేది ఆ ఈ1లనే కదా సార్, మరి పాత పీడీహెచ్ ఎందుకు తీసేశారు?"

పీడీహెచ్, ఎస్‌డీహెచ్ రెండూ బోలెడు ఫోన్ కాల్స్‌ని కట్టగట్టి ఒకే లింకు మీద పంపే పద్ధతులు. ఈ1 అంటే అందులో ఒక చిన్న కట్ట. మోసేది అవే. ఒక్కో ఈ1 సెకనుకు 2.048 మెగాబిట్లు, అందులో 30 కాల్స్. తేడా దించేటప్పుడు తెలుస్తుంది. తిరుపతి నుంచి చిత్తూరుకు 140 మెగాబిట్ల లింకు పోతోంది, మధ్యలో పాకాలలో ఒక్క ఈ1 కావాలనుకోండి. పీడీహెచ్ అయితే టిఫిన్ కారియరే. 140ని 34లుగా, 34ని 8లుగా, 8ని 2లుగా విప్పాలి. అడుగు గిన్నెలో పప్పు కోసం పైవన్నీ దించి, మళ్లీ పేర్చాలి.

చిక్కంతా గడియారాలతో. పీడీహెచ్‌లో ఎవరి గడియారం వాళ్లది. వేగం దాదాపు ఒకటే, కచ్చితంగా ఒకటి కాదు. ఆ తేడా సర్దడానికి ప్రతి మెట్టులో ఉత్తుత్తి బిట్లు దూరుస్తారు. ఇక ఏ ఈ1 ఎక్కడుందో విప్పితే గానీ తెలీదు.

ఎస్‌డీహెచ్‌కు 1988లో సీసీఐటీటీ (అప్పటి అంతర్జాతీయ టెలికాం ప్రమాణాల సంస్థ) ప్రమాణాలు వచ్చాయి. అమెరికాలో వాడే ఇలాంటి పద్ధతి సోనెట్ దీనికి అక్క వరస. ఇందులో నెట్‌వర్క్ అంతా ఒకే మూల గడియారాన్ని అనుసరిస్తుంది. దీని ప్రాథమిక లింకు ఎస్‌టీఎం-1. అందులో బిట్లను సర్దే పెట్టె, అంటే ఫ్రేమ్, 125 మైక్రోసెకన్లకు ఒకటి: 9 వరుసలు, 270 నిలువు గళ్లు. సరుకు ఏ గడిలో మొదలవుతుందో పాయింటర్ చెప్తుంది. పాకాలలో ఆ ఒక్కటి తీసుకుని మిగతావాటిని పోనిస్తారు.

ఒక తమాషా. 140లో 64 ఈ1లు పట్టేవి, 155.52 మెగాబిట్ల ఎస్‌టీఎం-1లో 63 మాత్రమే! లింకుపై నిఘాకి, రిపేరు కబుర్లకి కొంత చోటు పక్కన పెట్టి, మిగతాదాన్ని 3×7×3 అరలుగా పేర్చారు మరి. నాకైతే అది నష్టమనిపించలేదు.

అసలు లాభం రింగులో, అంటే ఫైబర్‌ని ఊళ్ల చుట్టూ తిప్పి మళ్లీ మొదటికే కలపడంలో ఉంది. చంద్రగిరి దగ్గర జేసీబీ ఫైబర్ తెంపితే, పుత్తూరు వైపు నుంచి ట్రాఫిక్ 50 మిల్లీసెకన్లలో తిరిగిపోతుంది. ఫోన్లో మాట్లాడేవాళ్లకు తెలియను కూడా తెలియదు. పీడీహెచ్‌లోనూ స్టాండ్‌బై ఫైబర్ పెట్టొచ్చు. కానీ రెండూ ఒకే గుంతలో ఉంటే జేసీబీ రెంటినీ కలిపే లాగేస్తుంది. అలాంటి ఒక రాత్రి నేను టార్చి నోట్లో పెట్టుకుని, తెల్లారేదాకా డీడీఎఫ్ (ఈ1ల తీగలు కలిపే చట్రం) మీద తీగలు మార్చాను.

అందుకే పెద్ద రూట్లకు నా ఓటు ఎస్‌డీహెచ్‌కే. ఊరి చివర టవర్‌కు నాలుగు ఈ1లు చాలు, మధ్యలో దించేదేం లేదంటే మాత్రం చిన్న పీడీహెచ్ రేడియో పెట్టుకోండి నాయనా. ఎస్‌టీఎం-1 పెడితే ఖాళీగా ఉన్న 59కి కూడా కరెంటు బిల్లు కట్టాలి.