ఆయిల్ లెవెల్ సెన్సార్ పోతే ఏది మేలు: గేజుతో గడపడమా, గుజిరీ సరుకా, బయటి కంపెనీదా, ఒరిజినలా?

మీటర్‌లో పసుపు రంగు ఆయిల్ క్యాన్ బొమ్మ వెలిగిందని షెడ్డుకు వెళ్తే తరచుగా వినబడే మాట, "సెన్సార్ పోయిందన్నా, మార్చేద్దాం" అని. వెంటనే రెండో మాట, "ఒరిజినల్ వేద్దామా, డూప్లికేట్ వేద్దామా?" ఈ రెండు మాటల మధ్య జరగాల్సిన పని ఒకటుంది. సెన్సార్ నిజంగా పోయిందా లేదా అని చూడటం. దాన్నే చాలామంది వదిలేస్తున్నారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మీ కారుకు ఆయిల్ గేజు, అంటే డిప్‌స్టిక్ ఉంటే టెన్షన్ పడాల్సిన పని లేదు, నిదానంగా ఆలోచించుకోవచ్చు. గేజు లేని కారైతే ఆలస్యం చేయకూడదు, సరుకు దగ్గర రాజీ పడకూడదు. ఏ కంపెనీ సెన్సార్ కొనాలనేది ఈ విషయం తేలాకే.

ముందు ఏ లైటో చూసుకోండి

ఎర్ర లైటు వేరు, పసుపు లైటు వేరు. ఎర్రది ఆయిల్ ప్రెషర్ లైటు. పసుపుది చాలా కార్లలో ఆయిల్ లెవెల్ లైటు, బొమ్మ కింద అల లాంటి గీత ఉంటుంది. స్విఫ్ట్, ఆల్టో లాంటి కార్లలో మనం మామూలుగా చూసేది ఎర్రదే. వాటిలో లెవెల్ సెన్సార్ గురించి ఎవరైనా చెబితే, ప్రెషర్ స్విచ్ గురించి మాట్లాడుతున్నారేమో అడిగి తెలుసుకోండి.

ఇంజన్ నడుస్తుండగా ఎర్ర లైటు వెలిగితే ఇక పోలికలేమీ లేవు. గుత్తికీ డోన్‌కీ మధ్య హైవే మీద, మిట్టమధ్యాహ్నం ఎండలో ఉన్నా సరే, బండి పక్కకు తీసి ఇంజన్ ఆపేయాలి. ప్రెషర్ లేకుండా నాలుగైదు కిలోమీటర్లు లాగినా బేరింగులు పట్టేసి ఇంజన్ సీజ్ కావచ్చు. స్విచ్ పోయి లైటు వెలిగిందా, నిజంగానే ప్రెషర్ లేదా అన్నది స్విచ్ విప్పి ఆ చోట మెకానికల్ ప్రెషర్ గేజు బిగించి చూస్తేనే తెలుస్తుంది. "స్విచ్చేలే అన్నా, నడిపించు" అనే మాట నమ్మి ఇంజన్‌తో పందెం కాయొద్దు.

ఇక్కడి నుంచి మన మాటంతా పసుపు లైటు గురించే.

సెన్సార్ నిజంగా పోయిందా?

మొదటి పరీక్షకు పైసా ఖర్చు లేదు. బండిని సమతలంగా ఉన్న చోట ఆపండి. ఇంటి ముందు ర్యాంపు మీద, వాలుగా ఉన్న వీధిలో చూసిన లెవెల్ లెక్కలోకి రాదు. మన ఇళ్లలో కడప బండలు సమంగా పరిచిన వాకిలి ఉంటే అదే చాలు. ఇంజన్ వేడెక్కాక ఆపి, పది నిమిషాలు ఆగి, గేజు తీసి తుడిచి మళ్లీ పెట్టి చూడండి. కింది గీతకు దగ్గరగా ఉంటే సెన్సార్ నిజమే చెబుతోంది. చాలా కార్లలో కింది గీతకూ పై గీతకూ మధ్య తేడా లీటరు దాకా ఉంటుంది. కొంచెం కొంచెంగా పోసి చూడండి, ఒకేసారి లీటరు వంచేయొద్దు.

కడప నుంచి రాయచోటి వెళ్తూ గువ్వలచెరువు ఘాట్‌లో మలుపుల దగ్గర లైటు వెలిగి, కిందికి దిగాక ఆరిపోతే సెన్సార్‌ను అనుమానించకండి. ఆయిల్ తక్కువై, బండి ఒరిగినప్పుడు ఒక పక్కకు చేరుతోందని అర్థం. పాడైన సెన్సార్ ఘాట్‌ను చూసి పనిచేయదు. స్టార్ట్ చేయగానే ఒకే రకంగా వెలుగుతుంది, లేదా గుంతలో పడినప్పుడల్లా వచ్చిపోతుంది. ఈ రెండో రకంలో తప్పు ఎక్కువగా వైరుదే.

ఆయిల్ ఎక్కువైందని మెసేజ్ వస్తే దాన్నీ తేలిగ్గా తీసుకోవద్దు. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 డీజిల్ కార్లలో పొగ ఫిల్టర్ తనను తాను కాల్చి శుభ్రం చేసుకుంటుంది. రోజూ ఊళ్లో రెండు మూడు కిలోమీటర్లే తిరిగే కారులో ఆ పని మధ్యలో ఆగిపోతూ ఉంటుంది. అలాంటప్పుడు కొన్ని ఇంజన్లలో డీజిల్ ఆయిల్‌లోకి దిగి లెవెల్ పెరుగుతుంది. గేజు పై గీత దాటి, ఆయిల్ పల్చగా, డీజిల్ వాసన వస్తుంటే మార్చాల్సింది ఆయిల్‌ను, సెన్సార్‌ను కాదు.

గేజు మీద ఆయిల్ సరిగ్గా ఉండి కూడా లైటు వెలుగుతుంటే అప్పుడు కారు కింద చూడాలి. చాలా యూరప్ కార్లలో ఈ సెన్సార్ ఆయిల్ చాంబర్, అంటే ఇంజన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి, అడుగునే ఉంటుంది. కర్నూలు, నంద్యాల వైపు నల్లరేగడి బురద ఎండి గట్టిగా అంటుకునేది అక్కడే. వాటర్ సర్వీసులో గన్ను పెట్టి ఆ బురద కొడితే నీళ్లు కప్లర్‌లోకి, అంటే సెన్సార్‌కు వైర్లు తగిలించే ప్లగ్గులోకి పోతాయి. కప్లర్ విప్పి లోపల పిన్నులు చూడండి. ఆకుపచ్చ చిలుము పట్టి ఉంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆరనిచ్చి, మళ్లీ బిగించండి. కప్లర్ లోపల ఇంజన్ ఆయిల్ కనబడితే మాత్రం ఇక చర్చ లేదు. సెన్సార్ లోపలి సీలు పోయి ఆయిల్ బయటికి వస్తోంది, మార్చాల్సిందే.

పిన్నులు శుభ్రంగా ఉంటే మల్టీమీటర్ తీయాలి. మూడు వైర్ల సెన్సార్‌కు సాధారణంగా ఒకటి కరెంటు, ఒకటి ఎర్త్, ఒకటి సిగ్నల్. ఇగ్నిషన్ ఆన్ చేసి చూస్తే చాలా కార్లలో కరెంటు పిన్ను దగ్గర బ్యాటరీ ఓల్టేజి, అంటే 12 ఓల్టుల చుట్టూ కనబడాలి. అది లేకపోతే ఫ్యూజో, వైరో, ఎలుక కొరికిన చోటో వెతకాలి. కరెంటూ ఎర్తూ సక్రమంగా ఉండి, సిగ్నల్ వైరు కూడా తెగకుండా ఉంటే అప్పుడు సెన్సార్ మీద వేలు చూపించవచ్చు.

స్కానర్ గురించి ఒక మాట. ఫోన్‌కు కలిపే చవక స్కానర్లు ఇంజన్ కోడ్లు, అంటే తప్పును తెలిపే నంబర్లు చదువుతాయి. ఫోక్స్‌వాగన్, స్కోడా లాంటి కార్లలో ఈ సెన్సార్ కోడు చాలా మోడళ్లలో మీటర్ యూనిట్‌లో దాగి ఉంటుంది. అందుకే చవక స్కానర్ "ఏ తప్పూ లేదు" అంటుంది, లైటు మాత్రం వెలుగుతూనే ఉంటుంది. ఆ కార్లలో మీటర్ యూనిట్‌ను కూడా చదివే స్కానర్ ఉన్న షెడ్డుకు పోతేనే ప్రయోజనం.

మా బావ బెంగళూరు నుంచి సెకండ్ హ్యాండ్‌లో తెచ్చుకున్న డీజిల్ సెడాన్‌కు ఇదే లైటు వచ్చింది. ఒక షెడ్డులో బండి కింద చూడకుండానే సెన్సార్ తెప్పించారు. తీరా చూస్తే కప్లర్ లాక్ విరిగి, వదులుగా వేలాడుతోంది. సరిగ్గా నొక్కి ప్లాస్టిక్ ట్యాగ్ బిగిస్తే లైటు పోయింది. కొన్న సెన్సార్‌ను మాత్రం అంగడివాళ్లు వెనక్కి తీసుకోలేదు, ఎలక్ట్రికల్ సరుకు వాపసు లేదన్నారు. చాలా అంగళ్లలో ఇదే పద్ధతి కాబట్టి, పరీక్ష పూర్తి కాకముందే డబ్బు కట్టొద్దని గట్టిగా చెబుతున్నాను.

ఇప్పుడు ఏది మేలు?

సెన్సారే పోయిందని తేలాక నాలుగు దారులున్నాయి.

మొదటిది, లైటును అలాగే వదిలేసి గేజుతో నడపడం. గేజు ఉన్న కారుకు కొన్నాళ్లపాటు ఇది మంచి దారే. సెన్సార్ ఆయిల్‌ను కొలుస్తుందే తప్ప ఇంజన్‌ను నడపదు కదా. అయితే షరతుంది. వారానికోసారి, దూర ప్రయాణానికి ముందు తప్పకుండా గేజు చూసే అలవాటు మీకుండాలి. ఇంట్లో ముగ్గురు నడిపే కారైతే ఎవరో ఒకరు చూస్తారులే అని చివరికి ఎవరూ చూడరు. అలాంటి ఇంట్లో ఈ దారి వద్దు. ఇంకో చిక్కేమిటంటే, ఎప్పుడూ వెలిగే పసుపు లైటుకు అలవాటు పడ్డ కన్ను పక్కన ఎర్ర లైటు వెలిగినా పట్టించుకోదు. అందుకే దీన్ని వచ్చే ఆయిల్ సర్వీసు వరకే గడువుగా పెట్టుకోమంటాను.

ఆయిల్ సర్వీసు దాకా అని ఊరికే అనడం లేదు. చాంబర్ అడుగున ఉన్న సెన్సార్ విప్పాలంటే ఆయిల్ మొత్తం దించాలి. పోసి నెల కూడా కాని ఆయిల్‌ను ఇప్పుడు దించడం దండగ. ఎలాగూ ఆయిల్, ఫిల్టర్ మార్చే రోజున ఈ పని పెట్టుకుంటే అదనంగా పడేది సెన్సార్ ధర, కొంచెం కూలి.

రెండోది గుజిరీ సరుకు, అంటే పాత బండ్ల నుంచి విప్పి అమ్మేది. బెంగళూరు శివాజీనగర్‌లోనో, మన ఊళ్లోనే పాత బండ్లు విప్పే చోటో చవకగా దొరుకుతుంది. ఈ వస్తువు విషయంలో మాత్రం నేను ఒప్పుకోను. డోరు, అద్దం, హెడ్‌లైటు గుజిరీలో కొంటే కంటితో చూసి కొంటాం. సెన్సార్‌ను అంగట్లో చేత్తో పట్టుకుని చూస్తే ఏమీ తెలియదు. ఏళ్ల తరబడి వేడి ఆయిల్‌లో నానిన వస్తువు అది. మీ దాంట్లో పోయిన సీలే దాంట్లో రేపు పోవచ్చు. పైగా బిగించడానికి ఆయిల్ దించాలి, కూలి ఇవ్వాలి, ఈ ఖర్చు కొత్తదానికీ పాతదానికీ ఒకటే. రెండు నెలల్లో మళ్లీ పోతే మళ్లీ అంతా మొదటి నుంచి. అయితే కప్లర్ విరిగిపోయిన వాళ్లు వైరు ముక్కతో సహా కప్లర్‌ను గుజిరీలో కొనుక్కోవచ్చు. కొత్త కప్లర్ విడిగా దొరకడం కష్టం, ఇది కంటితో చూసి కొనగలిగే వస్తువు.

మూడోది బయటి కంపెనీది. దీంట్లో రెండు రకాలున్నాయి, ధర దగ్గర వాదించేవాళ్లు ఈ రెండింటినీ కలిపేస్తారు. హెల్లా లాంటి సంస్థలు కార్ల కంపెనీలకే సెన్సార్లు చేసిచ్చేవి. వాటి సరుకు వాటి సొంత డబ్బాలో దొరికితే, పార్ట్ నంబరు చివరి అక్షరం దాకా సరిపోతే, గేజు ఉన్న కారుకు నేను కొనేది అదే. రెండో రకం పేరూ ఊరూ లేని డబ్బా. ఈ సెన్సార్లు పనిచేసే తీరు చూస్తే దాని దగ్గర ఎందుకు జాగ్రత్తపడాలో అర్థమవుతుంది. కొన్ని సెన్సార్లు లోపలి తీగను వేడి చేసి, అది ఎంత త్వరగా చల్లారుతుందో లెక్కగడతాయి. ఆయిల్‌లో మునిగితే త్వరగా చల్లారుతుంది. ఇంకొన్ని చెవికి వినబడని శబ్దాన్ని పంపి, ఆయిల్ పైభాగానికి తగిలి తిరిగొచ్చే సమయాన్ని కొలుస్తాయి. రెండూ సున్నితమైన కొలతలే. ఎలక్ట్రానిక్స్ నాసిరకమైతే పొద్దున చల్లటి ఇంజన్‌లో బాగానే చూపించి, ఏప్రిల్ ఎండలో అనంతపురం నుంచి బెంగళూరు పోతుండగా తప్పుడు లెక్క మొదలుపెట్టవచ్చు.

నాలుగోది కంపెనీ ఒరిజినల్. ధర ఎక్కువ, ఆర్డర్ పెట్టి ఆగాల్సి రావచ్చు. గేజు ఉన్న కారుకు ఇదే తప్పనిసరి అనను. గేజు లేని కారుకు మాత్రం ఇది తప్ప ఇంకోటి వద్దు. బీఎండబ్ల్యూ ఎన్52 ఇంజన్‌కు గేజే లేదు, ఆడీలో కూడా అలాంటి మోడళ్లున్నాయి. పాతబడి ధర తగ్గాక ఇలాంటి కార్లు మన ఊళ్లకూ వస్తున్నాయి. వాటిలో సెన్సార్ పోయిందంటే ఇంజన్‌లో ఎంత ఆయిల్ ఉందో చూసే కన్నే పోయినట్టు. అందాజుగా లీటరు పోయడం అన్నిటికన్నా చెడ్డ పని. ఎక్కువైతే ఇంజన్‌లో తిరిగే క్రాంక్ దాన్ని చిలికి నురగ పడుతుంది, నురగ పట్టిన ఆయిల్ బేరింగులను కాపాడలేదు. ఆయిల్ దించి, ఎంత వచ్చిందో కొలిచి, సెన్సార్ మార్చి, మాన్యువల్‌లో రాసినంత కొత్త ఆయిల్ పోయడమొక్కటే దారి.

షెడ్డులోనా, కంపెనీలోనా?

పెద్ద జర్మన్ కార్లకు కంపెనీ సర్వీసు అంటే కర్నూలు వాళ్లు హైదరాబాదు, అనంతపురం వాళ్లు బెంగళూరు చూసుకుంటారు. రెండూ 200 కిలోమీటర్ల పైచిలుకు. ఆయిల్ ఎంత ఉందో తెలియని బండిని అంత దూరం తోలుకుపోవడం నాకు నచ్చదు. వారంటీలో ఉంటే టో చేయించి అక్కడికే పంపండి. వారంటీ దాటితే మంచి షెడ్డు చాలు, ఇది ఇంజన్ దించే పనేమీ కాదు.

కానీ బిగించేటప్పుడు పక్కన నిలబడండి. సెన్సార్‌ను పట్టి ఉంచేవి చిన్న బోల్టులు, చాలా కార్లలో మూడే. చాంబర్ ఎక్కువగా అల్యూమినియంది. వీటికి 10 న్యూటన్ మీటర్ల చుట్టూ బిగువు చాలు, చక్రం నట్టులా బలం పెడితే మర తెగుతుంది, అప్పుడు చాంబరే మార్చాల్సి రావచ్చు. సీలు రింగు కొత్తదే వేయించండి. పాత రింగు పెట్టి చుట్టూ సిలికాన్ పేస్టు పూస్తామంటే ఒప్పుకోవద్దు. లోపలికి పిండుకున్న పేస్టు ముక్కలు ఊడి ఆయిల్ పంపు జల్లెడకు అడ్డం పడతాయి.

ఆయిల్ పోసి, స్టార్ట్ చేసి, కింద కారుతోందేమో చూసి, ఆపి, గేజు ఉంటే మళ్లీ చూసి, కోడు తుడిపించండి. ఫోక్స్‌వాగన్ గ్రూపు కార్లలో కొన్నింటికి బానెట్ తెరిచినట్టు స్విచ్ ద్వారా తెలిస్తేనే లెవెల్ హెచ్చరిక చెరిగిపోతుంది. ఆ బానెట్ స్విచ్ పనిచేయకపోతే కొత్త సెన్సార్ వేసినా, ఆయిల్ నిండుగా ఉన్నా లైటు కొంత దూరం నడిచేదాకా వదలదు. కొత్త సెన్సార్ కూడా పాడైందని అంగడివాడితో గొడవకు పోయే ముందు ఆ స్విచ్‌ను ఒకసారి పరీక్ష చేయించండి.