బత్తాయి సాళ్ల మధ్య ఉలవ తీగ: కొన్నేళ్లు వేసి చూశాక

దేవరకొండ వైపు మాది ఎర్ర చెలక. బత్తాయి సాళ్ల మధ్య ఉలవ వేయడం మొదలుపెట్టింది కాయల కోసం కాదు, వయ్యారిభామ అనే కలుపు మొక్క మీద కోపంతో. రోటావేటర్ తిప్పిన ప్రతిసారీ అది మళ్లీ మొలిచేది. ఉలవ తీగ కమ్మేశాక దానికి ఎండ అందక చాలావరకు అణిగిపోయింది. నాకు ఈ పంట మీద ఉన్న ఇష్టమంతా ఆ ఒక్క పనికే.

గింజల కోసం వేసేవాళ్లు ఆగస్టు దాటాక చల్లుతారు. మేం జులై వానకే, కాస్త ఒత్తుగా చల్లుతాం. పగటి పొద్దు తగ్గితే గానీ ఉలవ పూతకు రాదు, అందాకా తీగ సాగుతూనే ఉంటుంది. "కాయ లేని ఉలవలు ఎందుకు బిడ్డా?" అని పక్క చేను పెద్దాయన ఇప్పటికీ నవ్వుతాడు. హయత్‌నగర్‌లోని క్రీడా (CRIDA, మెట్ట సేద్యం పరిశోధన సంస్థ) ఫారంలో జొన్న, పొద్దుతిరుగుడు కోశాక పడే వానకు ఉలవ వేసి, పచ్చిగానే నేలలో కలుపుతూ పదేళ్లు చూశారు. భూమిలో సేంద్రియ కర్బనం పెరిగిందట. మా దగ్గర పరీక్షలేవీ చేయించలేదు, పార దిగడం మాత్రం తేలికైంది.

అసలు దెబ్బ 2020 అక్టోబర్ వానలకు తగిలింది. తోట కింది వైపు, కట్ట పక్కన నీళ్లు నిలిచాయి. పైకి తీగ పచ్చగానే ఉంది కాబట్టి ఏమీ కాలేదనుకున్నాం. నీళ్లు ఇంకాక ఆకు పసుపు తిరిగింది. ఎత్తి చూస్తే మొదలు మెత్తబడి, పట్టుకుంటే చేతికే ఊడి వస్తోంది. కుళ్లు వాసన ఇంటిదాకా వచ్చింది. ఖాళీ అయిన ఆ మడిలోకే వయ్యారిభామ మళ్లీ దిగింది, అది కూడా మునుపటికంటే ఒత్తుగా! పై వైపు మొరం నేలలో ఉలవకు ఏమీ కాలేదు. ఎండను ఎంతైనా ఓర్చుకునే పంట, నిలువ నీటికి ఇంత బలహీనమా అనిపించింది. ఇప్పుడు కింది వైపు జీలుగ అనే పచ్చిరొట్ట పైరు వేస్తున్నాం. అది నీళ్లకు ఆగుతుంది గానీ నిటారుగా పెరుగుతుంది, నేలను ఇలా కప్పదు. ముదరకముందే దున్నెయ్యాలి.

కలుపు పోయిందని పైన అన్నాను కదా, తుంగ, గరిక ఆ లెక్కలోకి రావు. తీగ అల్లుకునేలోపు ఒకసారి కూలీలను పెట్టి తీయించక తప్పదు. లేత మొక్కల తోటైతే నేను వెయ్యమనను. ఉలవ కొమ్మలకు చుట్టుకుంటుంది, వారం వారం విడదీస్తూ కూర్చోవాలి. మావి పెద్ద చెట్లు, పాదుల దగ్గర వదిలేసి చల్లుతాం కాబట్టి సరిపోయింది. నల్లరేగడిలో ఎలా ఉంటుందో అక్కడ వేసినవాళ్లు చెప్పాలి. జీవాలు ఉన్న ఇంట్లో మేత కూడా కలిసొస్తుంది. మాకు లేవు, ఆ పచ్చదనం చూసి ఊళ్లో మేకలన్నీ మా కంచె దగ్గరే తిరుగుతున్నాయి, వాటిని తోలడమే పనైంది.