రంగుల సీసాల ఆట ఆడుతున్నారా? ఆ పచ్చ బటన్ దగ్గర కాస్త ఆగండి

రంగు నీళ్ళను ఒక సీసాలోంచి ఇంకో సీసాలోకి వంచి ఏ రంగును ఆ రంగుతో కలిపే ఆట ఉంది కదా, అలాంటిదొకటి డబ్బు పెట్టి కొని దెబ్బతిన్నాం. పేరు రాయడం లేదు. అదే బొమ్మతో, అక్షరం అటూ ఇటూగా అదే పేరుతో పదుల కొద్దీ ఆటలున్నాయి. ఒకదాన్ని తప్పించుకున్నవాళ్ళు పక్కదాంట్లో పడతారు. అందుకని పట్టు ఎక్కడుందో చెప్తాను, మీరు ఏ ఆటలోనైనా గుర్తుపట్టొచ్చు.

ముందు ఒక మాట. ఆట బాగుంది. బాగుంది కాబట్టే ఇరుక్కున్నాం. మోకాలి నొప్పితో అమ్మ నెల రోజులు మంచం దిగలేకపోతే, పొద్దు పోవడానికి నేనే ఆమె ఫోన్‌లో వేసిచ్చాను. సీసాకు నాలుగు పొరలు. పైపొర ఏ రంగులో ఉందో అదే రంగు పైన ఉన్న సీసాలోకి, లేదా ఖాళీ సీసాలోకి మాత్రమే వంచాలి. గడియారం లేదు, ఓడిపోయావన్న అరుపు లేదు. వెనకాల సన్నగా పియానో, వంచినప్పుడల్లా బుడబుడమని నీళ్ళ చప్పుడు. సీసా ఒకే రంగుతో నిండితే మూత పడి చిన్న గంట మోగుతుంది. ఆ గంట వినడానికే ఇంకో లెవెల్, ఇంకో లెవెల్ అంటూ అమ్మ రాత్రి పదకొండు దాకా ఆడేది. నొప్పి గుర్తు రావడం లేదే అనేది. మొదటి రెండు వారాల్లో నన్ను అడిగి ఉంటే ఈ ఆటను నలుగురికీ నేనే చెప్పి ఉండేదాన్ని. నిజానికి ముగ్గురికి చెప్పాను కూడా. వాళ్ళకు తర్వాత ఫోన్ చేసి క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది, అది వేరే సంగతి.

ఏడో లెవెల్ అవగానే తెర మీద ఒక పెట్టె వచ్చింది: ఆట నచ్చిందా? అవునంటే నేరుగా స్టోర్‌కి తీసుకెళ్ళి నక్షత్రాలు అడుగుతుంది. నచ్చలేదంటే స్టోర్ ఊసే ఎత్తదు, మీ సలహా రాయండి అని ఒక ఖాళీ డబ్బా ఇస్తుంది. అందులో రాసింది ఎవరికీ కనబడదు. రేటింగ్ అడిగే ముందు ఇలా యాప్ నచ్చిందా అని ప్రశ్న వేయొద్దని గూగుల్ తన నిబంధనల్లో తయారీదారులకు చెప్పింది. ఆపిల్ అయితే తన రేటింగ్ పెట్టెను ఒకరికి ఏడాదిలో 3 సార్లకు మించి చూపనివ్వదు. అయినా ఈ దొడ్డిదారి నడుస్తూనే ఉంది. ఏడో లెవెల్‌లో ఎవరికి నచ్చదు చెప్పండి? మూడు రంగులు, రెండు ఖాళీ సీసాలు, అప్పటికింకా ఒక్క యాడ్ లేదు. అమ్మ ఐదు నక్షత్రాలూ ఇచ్చేసింది. స్టోర్‌లో మీకు కనిపించే పొగడ్తల్లో చాలా భాగం ఇలా మొదటి పది నిమిషాల్లో పుట్టినవే. ప్రశాంతంగా ఉంది, నిద్ర బాగా పట్టింది, ఒత్తిడి పోయింది అని రాసినవాళ్ళు అబద్ధం రాయలేదు. రాసే సమయానికి వాళ్ళు ఆడింది వేరే ఆట, అంతే.

పాతిక లెవెళ్ళు దాటాక యాడ్‌లు మొదలయ్యాయి. లెవెల్‌కి ఒకటి. పియానో వింటూ కళ్ళు మూతలు పడుతున్న వేళ ఒక్కసారిగా కత్తులు, తుపాకులు, కేకలు. మూసే గుర్తు కోసం ముప్ఫై సెకన్లు వెతకాలి, దొరికాక అది గోరంత ఉంటుంది, వేలు జారితే ఇంకో యాప్ దించుకునే పేజీ తెరుచుకుంటుంది. నెట్ ఆపి ఆడదామంటే ఆటే తెరుచుకోదు. సీసాలో నీళ్ళు వంచడానికి నెట్ దేనికో!

సరే, యాడ్స్ లేకుండా చేసే ప్యాక్ ఉంది కదా అని నేనే కొనిచ్చాను. ఒక్కసారి కడితే ఎప్పటికీ యాడ్స్ ఉండవని రాసి ఉంది. లెవెళ్ళ మధ్య వచ్చేవి ఆగిపోయాయి, కింద అంటిపెట్టుకున్న పట్టీ పోయింది. నాలుగు రోజులు హాయిగా గడిచింది. తర్వాతే అసలు సంగతి.

నూటయాభై దాటాక రెండు ఖాళీ సీసాల బదులు ఒకటే ఇవ్వడం మొదలుపెట్టింది. రెండోది అక్కడే ఉంటుంది, కానీ తాళం వేసి. తాళం మీద చిన్న టీవీ బొమ్మ. అంటే యాడ్ చూస్తే తీస్తారు. డబ్బు కట్టాం కదా అంటారా? నేనూ అదే అడిగాను. మీరు కావాలని నొక్కి చూసే ప్రకటనలు ఆ ప్యాక్ కిందికి రావని సమాధానం వచ్చింది. కొనే పేజీలో నిజంగానే ఆ ముక్క ఉంది, అన్నిటికన్నా కింద, లేత బూడిద రంగులో.

కావాలని చూసేవేనా అవి? అక్కడే నాకు అనుమానం వచ్చింది. 187వ లెవెల్ అమ్మ మూడు రోజులు ఆడింది, నేనూ ఆడాను, కదల్లేదు. సీసాల్లో ఏ వరసలో ఏ రంగుందో కాగితం మీద రాసి మా పెదనాన్న కొడుక్కి ఇచ్చాను. వాడికి ప్రోగ్రాములు రాయడం వచ్చు. ఒక సాయంత్రం కూర్చుని, వీలున్న ఎత్తులన్నీ వేసి చూసే ప్రోగ్రాము ఒకటి రాశాడు. ఒక్క ఖాళీ సీసాతో ఆ లెవెల్‌కి దారే లేదని తేలింది. రెండో సీసా ఇస్తే క్షణంలో దారి చూపించింది. అంటే యాడ్ చూడకుండా ఎవరూ, ఎంత తెలివైనవాళ్ళైనా, దాన్ని దాటలేరు. అమ్మేమో తన బుర్ర మొద్దుబారిందని మూడు రోజులు బాధపడింది. నాకు డబ్బు కన్నా అదే ఎక్కువ మండింది.

వాడే ఇంకో సంగతి చెప్పాడు. ఈ ఆటను నిజంగానే లెక్కల వాళ్ళు చదివారట. ఒక అమరికకు దారి ఉందో లేదో తేల్చడం, సాధారణ రూపంలో, కంప్యూటర్ శాస్త్రం ఎన్‌పీ కంప్లీట్ అని పిలిచే కష్టమైన లెక్కల కోవలోకి వస్తుందని 2022లో ఒక పరిశోధన పత్రం నిరూపించింది. ఖాళీ సీసాలు ఎన్నుంటే చాలు అన్నదాన్నీ వాళ్ళు పరిశీలించారు. కానీ తయారుచేసేవాడికి అంత కష్టం అక్కర్లేదు. రంగులు సర్దేసిన సీసాల నుంచి వెనక్కి వంచుకుంటూ కలగలిపితే దారి ఉన్న లెవెలే పుడుతుంది. చేతికొచ్చినట్టు నింపేస్తేనే దారి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. 187 అలా పొరపాటున పుట్టిందా, కావాలని పెట్టారా అన్నది నేను చెప్పలేను. తాళం మాత్రం సరిగ్గా అక్కడే వేలాడుతోంది.

ఇక పచ్చ బటన్. లెవెల్ పూర్తయిన ప్రతిసారీ తెర అడుగున పెద్ద పచ్చ బటన్ వస్తుంది, కొనసాగించు అని. అమ్మ దాన్ని కొన్ని వందల సార్లు నొక్కి ఉంటుంది. ఒకరోజు అదే చోట, అదే పచ్చలో, అదే కొనసాగించు అని బటన్ వచ్చింది. దాని పైన అంతులేని ఖాళీ సీసాలు, 3 రోజులు ఉచితం అని బంగారు అక్షరాలు. ఆ తర్వాత వారం వారం డబ్బు పోతుందన్న వాక్యం మళ్ళీ అదే లేత బూడిద రంగులో. అమ్మ నొక్కింది. ఫోన్ వేలిముద్ర అడిగింది. ఫోన్ ఎప్పుడూ ఏదో ఒకటి అడుగుతూనే ఉంటుంది కదా అని వేలు పెట్టింది. ఆలోచిస్తే ఒళ్ళు జలదరిస్తుంది. రంగు చూడగానే అదే రంగు దగ్గరికి వేలు పోవాలని ఆట నెలపాటు చేతికి నేర్పింది, ఆ అలవాటునే చివరికి వాడుకుంది.

రెండు వారాల డబ్బు పోయాక నా కంటపడింది. ఇక్కడ నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. కోపంలో ముందు ఆటను ఫోన్‌లోంచి పీకేశాను. యాప్ తీసేస్తే సబ్‌స్క్రిప్షన్ ఆగదు! ప్లే స్టోర్‌లో మన ఫొటో నొక్కి, పేమెంట్లు, సబ్‌స్క్రిప్షన్లు అన్నచోటికి వెళ్ళి అక్కడ రద్దు చేయాలి. ఐఫోన్‌లో సెట్టింగ్స్‌లో పైన మన పేరు నొక్కితే సబ్‌స్క్రిప్షన్లు కనిపిస్తాయి. ఉచిత గడువు ఉన్నప్పుడు అది ముగియడానికి కనీసం 24 గంటల ముందే రద్దు చేసుకోమని ఆపిల్ చెప్తుంది. ఆఖరి రోజు చూద్దాంలే అనుకుంటే అయిపోయినట్టే. గూగుల్‌లో కొన్న 48 గంటల లోపు రీఫండ్ నేరుగా స్టోర్‌నే అడగొచ్చు, ఆ తర్వాత తయారీదారుణ్ని అడుక్కోవాలి. మాకు రెండో వారం డబ్బు వచ్చింది, ఎందుకంటే అది పోయిన మర్నాడే అడిగాను. మొదటి వారానిది, యాడ్స్ ప్యాక్‌దీ రాలేదు. తయారీదారు నుంచి మూడుసార్లు ఒకటే జాబు, చుక్క కూడా మారకుండా.

రంగుల విషయంలోనూ జాగ్రత్త. పన్నెండు రంగులు ఒకేసారి వచ్చే లెవెళ్ళలో ముదురు నీలానికీ వంకాయ రంగుకీ, నారింజకీ ఇటుక రంగుకీ తేడా కనిపెట్టడం కష్టం. రాత్రిపూట కళ్ళకు హాయిగా ఉంటుందని ఫోన్‌లో తెరను పసుపు చేసే మోడ్ పెట్టుకుంటాం కదా, అది ఉంటే నీలాలు ఇంకా కలిసిపోతాయి. ఆడేటప్పుడు తీసేయండి. మగవాళ్ళలో వందకు 8 మంది దాకా, ఆడవాళ్ళలో 200 మందికి ఒకరికి ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగ్గా తెలియదు. వాళ్ళ కోసమని ఈ ఆటలో ఒక మీట ఉంది, వేస్తే పొరల మీద గుర్తులు వస్తాయని. వచ్చాయి, నాలుగు రంగులకు. మిగతా ఎనిమిదింటికీ లేవు. మా బాబాయి కొడుక్కి ఆ ఇబ్బంది ఉంది. పదో లెవెల్ దగ్గరే ఫోన్ నా చేతిలో పెట్టేశాడు. అదృష్టవంతుడు.

రంగులు కలిపే ఆటలన్నీ ఇంతే అని నేననను. 2001లో వచ్చిన బిజ్యువెల్డ్‌లో గడియారం లేకుండా తాపీగా ఆడుకునే పద్ధతి ఉంది, దాన్ని ఇష్టపడినవాళ్ళు కోకొల్లలు. 2012లో వచ్చిన క్యాండీ క్రష్ సాగాలో 5 ప్రాణాలు అయిపోతే ఒక్కోటి తిరిగి రావడానికి 30 నిమిషాలు ఆగాలి. నచ్చినా నచ్చకపోయినా అది మొదటినుంచీ కళ్ళెదుటే ఉంటుంది. నా గోల దాచిపెట్టినదాని గురించే.

ఇప్పుడు నేను ఏ ఆట వేసినా ముందు స్టోర్ పేజీలో యాప్‌లో కొనుగోళ్ళు అన్న వరస చూస్తున్నాను. ఐఫోన్ స్టోర్‌లో అయితే ఏయే ప్యాక్‌లు ఉన్నాయో పేర్లు కూడా ఇస్తారు. వారం అన్న మాట కనబడితే వెనక్కి వచ్చేస్తాను. రివ్యూలను కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకుని, మూడు నక్షత్రాలవి చదువుతున్నాను. ఐదువి ఏడో లెవెల్‌వి, ఒకటివి ఆవేశంవి. మూడు ఇచ్చినవాళ్ళే రెండు వందలో లెవెల్ దాకా వెళ్ళి, ఏమైందో నిదానంగా రాస్తారు. దించుకున్నాక ఒకసారి విమానం మోడ్‌లో తెరిచి చూస్తాను, తెరుచుకోకపోతే తీసేస్తాను. పెద్దవాళ్ళ ఫోన్లలో కొనుగోలుకు వేలిముద్ర బదులు పాస్‌వర్డ్ అడిగేలా మార్చిపెట్టండి. అక్షరాలు కొట్టాల్సి వస్తే ఎందుకు అని ఒక్కసారైనా ఆలోచిస్తారు.

అమ్మకు వేరేది వెతికిచ్చాను, ఒక్కసారి కొనేది. ఎన్ని ఎత్తులైనా వెనక్కి తీసుకోవచ్చు, నెట్ అడగదు. గంట మాత్రం పాతదాని అంత బాగా మోగదట.

ఇదంతా రాస్తుంటే ఒకటి గుర్తొచ్చింది. ఆట తీసేసినా ఇచ్చిన రేటింగ్ పోదు. వెళ్ళి చూస్తే అమ్మ ఏడో లెవెల్‌లో ఇచ్చిన ఐదు నక్షత్రాలూ ఇంకా అక్కడే మెరుస్తున్నాయి. ఒకటికి దింపబోతుంటే అమ్మ పక్కనుంచి చెయ్యి పట్టుకుంది. "రెండు ఉంచవే, ఆ నీళ్ళ చప్పుడు బాగుండేది" అంది. రెండు ఉంచాను.