రెండేళ్లుగా కార్న్ స్ప్లిట్ కీబోర్డ్ వాడాక నా గోల

కార్న్ కొని రెండేళ్లు దాటింది. మొత్తం 42 కీలే, చేతికి 21, రెండు ముక్కలు. మణికట్టు నొప్పని కొంటే ముందు తగ్గింది మెడా భుజాలూ, ఎందుకంటే రెండు ముక్కల్నీ భుజాల వెడల్పుకి జరిపేసరికి చేతులు ముడుచుకుని కూర్చునే బాధ పోయింది. మణికట్టుకి ఇంకో మూడు నెలలు పట్టింది, అదీ లోపలి అంచుల కింద అట్టముక్క మడిచి పెట్టి కాస్త వాలుగా లేపాకే.

మొదటి మూడు వారాలు మాత్రం నరకం. ఇన్నేళ్లూ బీ కీ కుడి చేత్తో కొడుతున్నానని నాకే తెలీదు, ఇందులో అది ఎడం ముక్కలో ఉంటుంది, నా వేలేమో ఖాళీ టేబుల్ మీద పొడిచేది. పైగా నేను తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌లో, అంటే ప్రభుత్వ ప్రామాణిక కీబోర్డ్ లేఅవుట్‌లో కొడతా. దానికి స్ప్లిట్ భలే కుదిరింది, గుణింతాలు దాదాపు అన్నీ ఎడం చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి. కానీ వ ఉండేది ఆ బీ మీదే, డ ఉండేదేమో పీ పక్కన బ్రాకెట్ కీ మీద, ఆ కీయే కార్న్‌లో లేదు! "వాడు" అని రాయాలంటే రెండక్షరాలకీ తంటానే. చివరికి ఏ కీ ఏం చేయాలో మార్చుకునే వయల్ అనే సాఫ్ట్‌వేర్‌లో పీ పక్కనున్న బ్యాక్‌స్పేస్ తీసి బొటనవేలికిచ్చి అక్కడ డ పెట్టుకున్నా.

ఇక స్విచ్‌లు, అంటే ప్రతి కీ కింద ఉండే మీటలు. టక్‌టక్‌మని చప్పుడు చేసే బ్లూ నాలుగు రోజులు వాడా, "అర్ధరాత్రి కుట్టుమిషన్ ఏంటండీ" అంది మా ఆవిడ. బ్రౌన్ అయితే లోపల ఇసుక పడినట్టు గరగర, నొక్కేటప్పుడు మధ్యలో వేలికి తగలాల్సిన బంప్ ఉందో లేదో కూడా తెలీదు. చివరికి గేటరాన్ మిల్కీ ఎల్లో దగ్గర ఆగా, 50 గ్రాముల ఒత్తిడికి దిగే లీనియర్, అంటే బంప్ లేకుండా సాఫీగా దిగేది. ఆదివారమంతా కూర్చుని ఒక్కోటీ విప్పి క్రైటాక్స్ 205జీ0 గ్రీజు పూశా, ఒక స్ప్రింగ్ ఎగిరి సోఫా కిందకి పోయింది, ఇంకా దొరకలేదు. రెండింటికి ఎక్కువ పూసేశా, మొద్దుగా దిగుతాయి, కళ్ళు మూసుకున్నా అవేవో చెప్పేస్తా. మిగతావి మాత్రం ఊరికే నొక్కుతూ ఉండాలనిపిస్తుంది. కొంటే స్విచ్‌లు చేత్తో పీకి మార్చుకోగలిగే హాట్‌స్వాప్ బోర్డే కొనండి, లేకపోతే స్విచ్ మార్చినప్పుడల్లా సోల్డరింగే.

ఇంకోటి, యూఎస్‌బీ పెట్టి ఉండగా రెండు ముక్కల్నీ కలిపే మధ్య కేబుల్ పీకొద్దు, షార్ట్ అవ్వొచ్చు, నేను అలాగే ఒక కంట్రోలర్ కాల్చుకున్నా.

ఆఫీసు ల్యాప్‌టాప్‌లో మాత్రం తప్పు చెరపబోయి ఇప్పటికీ స్పేస్‌బారే కొడుతున్నా.