స్ప్లెండర్ ఇంజన్ ఇంట్లో విప్పాలంటే: హాఫా, ఫుల్లా?

పాత 97.2 సీసీ స్ప్లెండర్ ఆయిల్ తాగడం మొదలుపెడితే చాలు, ఎవరో ఒకరు "ఫుల్ ఇంజన్ చేయించాల్సిందే" అనేస్తారు. తొందరపడొద్దు. షెడ్డు భాషలో హాఫ్ ఇంజన్ అంటే కేసు (ఇంజన్ కింది డబ్బా) జోలికి పోకుండా హెడ్డు (వాల్వులుండే పైభాగం), బోరు (పిస్టన్ ఆడే సిలిండర్), పిస్టన్ తీయడం. ఫుల్ ఇంజన్ అంటే ఇంజన్ దించి, కేసును రెండు చెక్కలు చేసి, క్రాంకు (పిస్టన్ కదలికతో తిరిగే ఇరుసు), గేర్లు బయటికి తీయడం. మొదటిది వరండాలో చేసుకోదగ్గ పని. రెండోదాన్ని ఇంట్లో విప్పగలరు గానీ పూర్తిచేయలేరు.

ఏది కావాలో బండే చెబుతుంది. రాత్రంతా నిలిపి పొద్దున స్టార్ట్ చేయగానే గుప్పున నీలిపొగ వచ్చి, ఆ పొగ ఆగిపోతే వాల్వు సీళ్లు. రేజ్ చేసినంతసేపూ వస్తూనే ఉంటే పిస్టన్ చుట్టూ ఉండే రింగులు, బోరు. ఈ రెండూ హాఫ్‌తో పోతాయి. కింది నుంచి వచ్చే గుర్రు శబ్దం స్పీడుతో పాటు పెరిగితే క్రాంకు బేరింగులు. పడిన గేరు తనంతట తనే ఊడిపోతుంటే గేరు పళ్లు లేదా గేర్లను జరిపే లోపలి ఫోర్కులు. వీటికి కేసు విప్పక తప్పదు. క్లచ్ జారుడు ఈ రెంటిలోకీ రాదు, కుడి కవర్ తీస్తే ప్లేట్లు చేతికొస్తాయి.

కంప్రెషన్ తక్కువైతే ప్లగ్గు రంధ్రంలో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ కిక్ కొట్టి చూడండి. కిక్ గట్టిపడితే రింగులు అరిగాయి, అలాగే తేలిగ్గా ఉంటే వాల్వులు లీకు.

హాఫ్ విప్పేటప్పుడు ఇంజన్ చల్లగా ఉండాలి. మాగ్నెట్ (క్రాంకుతో పాటు తిరిగే చక్రం) మీది టీ గీతను కేసు గుర్తుకు కలిపితే, వాల్వులను నొక్కే రెండు రాకర్లూ వదులుగా ఉన్నప్పుడు పిస్టన్ సరైన చోట ఉన్నట్టు. క్యామ్ స్ప్రాకెట్ గుర్తు హెడ్డు మీది గాటుకు ఎదురుగా ఉందో లేదో ఇప్పుడే ఫోటో తీసుకోండి. బిగించేటప్పుడు ఒక్క పన్ను తప్పినా బండి సరిగ్గా లాగదు. హెడ్డు నట్లను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా వదులు చేయండి. వాటిలో రాగి వాషర్ ఉన్న నట్టు ఏ మూలదో రాసుకోండి, చోటు మారితే అక్కడి నుంచే ఆయిల్ కారుతుంది. బోరు లాగాక టైమింగ్ చైన్‌ను తీగతో పైకి కట్టేయాలి. పిస్టన్ పిన్ను జారకుండా పట్టే సర్క్లిప్ తీసే ముందు కేసు నోట్లో గుడ్డ కుక్కండి. ఆ చిన్న క్లిప్ ఎగిరి లోపల పడిందా, హాఫ్ కాస్తా ఫుల్ అవుతుంది!

అసలు తీర్పు ఇక్కడే. పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్‌ను పట్టుకుని నిలువునా పైకీ కిందికీ లాగండి. పక్కలకు కాస్త కదిలితే పర్వాలేదు. నిలువునా కొంచెం 'టక్' మన్నా కింది బేరింగ్ పోయినట్టే, ఇక ఫుల్ చేయాల్సిందే. అందుకే అనుమానం ఉన్నా ముందు హాఫ్ విప్పి చూడటమే మేలు.

రాడ్ బాగుంటే రింగును ఒంటరిగా బోరులోకి దించి, పిస్టన్‌తో సమంగా నెట్టి, ఫీలర్ గేజ్‌తో (సందులు కొలిచే పల్చటి రేకులు) రింగు కొసల మధ్య సందు చూడండి. అర మిల్లీమీటరు దాటితే రింగులు అయిపోయాయి. గోడ మీద వేలుగోరుకు గీతలు తగులుతుంటే రింగులొక్కటే మార్చడం దండగ. రీబోరా (పాత బోరును కాస్త పెద్దగా కోయించడం), కొత్త బోరు కిట్టా అంటే, దగ్గర్లో నమ్మకమైన లేత్ ఉంటే రీబోరే చవక. 0.25, 0.50, 0.75, 1.00 మిల్లీమీటర్లు పెద్ద సైజుల్లో పిస్టన్లు దొరుకుతాయి. పిస్టన్ ముందే కొని బోరుతో పాటు లేత్ ఆయన చేతిలో పెట్టాలి, ఆయన దాన్ని కొలిచే కోస్తాడు. బోరు తిరిగొచ్చాక సబ్బునీళ్లతో కడిగి, తెల్లగుడ్డతో తుడిస్తే మరక అంటకూడదు, వెంటనే ఆయిల్ రాయాలి. పెట్రోల్‌తో కడిగితే బోరును రుద్దిన సన్నటి రాయిపొడి అక్కడే ఉండి కొత్త రింగుల్ని తినేస్తుంది. పిస్టన్ మీది ఐఎన్ గుర్తు కార్బొరేటర్ వైపుకు, రింగుల సందులు ఒకదాని కింద ఒకటి రాకుండా. సర్క్లిప్పులు మాత్రం కొత్తవే.

ఫుల్‌కు మాగ్నెట్ పుల్లర్, క్లచ్ గాట్ల నట్టుకు ప్రత్యేక సాకెట్ కావాలి. కవర్ బోల్టుల పొడవులు వేరువేరు కాబట్టి అట్టముక్క మీద కవర్ ఆకారం గీసి ఏ బోల్టు ఆ చోటే గుచ్చండి. పొట్టి రంధ్రంలో పొడవు బోల్టు బిగిస్తే కేసు పగులుతుంది. చెక్కల మధ్య స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తొద్దు, ఆ గాటు గుండా ఎన్ని ప్యాకింగులు మార్చినా ఆయిల్ చెమ్మ ఆగదు. ఇంతా చేశాక కొత్త రాడ్ కిట్టు ఎక్కించాలంటే క్రాంకు ప్రెస్ మీద విడదీసి, కలిపి, డయల్ గేజ్‌తో ఒంపు తీయాలి. సుత్తితో కొట్టి కలిపిన క్రాంకు వైబ్రేషన్‌తో కొత్త బేరింగుల్నీ పాడుచేస్తుంది. కాబట్టి విప్పడం, కడగడం, పార్టులు కొనడం మీరు చేసుకుని, క్రాంకును మాత్రం ప్రెస్ ఉన్న లేత్‌కు పంపండి.